బాబాయి ద్వాదశి వంట

సెక్రటరీ చేతిలో చెంచా ఉంది. వంటగది గుమ్మంలో బాబాయి ఉన్నాడు. ఆ చెంచా పప్పుగిన్నెలోకి వెళ్ళాలంటే ముందు బాబాయిని దాటాలి.

వదిన గుమ్మం పక్కనే చాప మీద కూర్చుని దీపాలకు వత్తులు చేస్తోంది. తగువు మొదలవగానే దూది ఒళ్ళో పెట్టుకుని చేతులు ఆపేసింది. చూడదగ్గ తగువు రోజూ దొరకదు.

ఏడాదికి ఒకసారి వచ్చే పెద్ద ఏకాదశి అంతకుముందు రోజే వెళ్ళింది. మందిరానికి వచ్చేవాళ్ళలో పెద్దాచిన్నా అంతా ఉపవాసం ఉన్నారు. ఆ రోజు ద్వాదశి. పొద్దున్నే స్వామికి నైవేద్యం పెట్టి, ఆ ప్రసాదం తిని ఉపవాసం విడవాలి. పారణ అంటారు దాన్ని. దానికీ ఒక గడువుంటుంది, అది దాటితే చేసిన ఉపవాసం వృథా. ఎన్నో ఏళ్ళుగా ఆ పూట వంట బాబాయిదే.

"ఒక్క చెంచా బాబాయ్," అన్నాడు సెక్రటరీ. "ఇవాళ పెద్దవాళ్ళు వస్తున్నారు. మనకి సొంత స్థలం ఇప్పించాల్సింది వాళ్ళే. ఉప్పు సరిపోయిందో లేదో చూసి వెళ్ళిపోతా."

"ఇంకా స్వామికి పెట్టలేదు."

"తెలుసు. గిన్నెలో నోరు పెడతానా ఏంటి? పక్కకి తీసుకుని చూస్తా. గిన్నెకి ఎంగిలి తగలదు."

"ముందు నీకు పెట్టి, తర్వాత ఆయనకి పెట్టినట్టేగా?"

"దేవుడు అంత పట్టించుకుంటాడా, బాబాయ్?"

"ఆయన సంగతి నాకు తెలీదు. నాకు పట్టింపు."

సెక్రటరీ గొంతు పెంచాడు. తను ఈ మందిరానికి సెక్రటరీనని, ఏది ఎలా జరగాలో చూసుకోవలసిన బాధ్యత తనదని గుర్తు చేశాడు. బాబాయి కాదనలేదు. పైగా గుమ్మంలోంచి పక్కకి జరిగాడు.

"రా. తిను. కాకపోతే తిన్నాక హాల్లోకి వెళ్ళి మైకు తీసుకో. 'అందరికీ నమస్కారం. పప్పు ముందు నేను తిన్నాను. బాగుంది. మిగిలింది ఇప్పుడు స్వామికి పెడుతున్నాం, ఆ తర్వాత మీకు' అని చెప్పు. నువ్వా మాట చెప్పాక నైవేద్యం నా చేతుల్తో నేనే మోసుకొస్తా."

సెక్రటరీ హాలు వైపు తిరిగి చూశాడు. మైకు ఖాళీగానే ఉంది. ముందు వరసలో వాళ్ళ అత్తగారు జపమాల పట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చెంచా చొక్కా జేబులో పెట్టుకుని ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"ఆ చెంచా మందిరానిది నాయనా, ఇచ్చి పో," అని వెనకనుంచి కేకేసింది వదిన.

బాబాయి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. నవ్వలేదు, గెలిచానన్న ముఖం పెట్టలేదు. అంత చక్కటి గెలుపు తన చేతికి వచ్చి ఉంటే నెల రోజులు చెప్పుకునేదాన్ని కదా అనిపించింది వదినకు. కొందరికి గెలవడం వచ్చు, దాన్ని వాడుకోవడం రాదు.

బాబాయి ఆవిడ భర్తకు తమ్ముడు. మిగతా అందరికీ ఎందుకు బాబాయి అయ్యాడో ఎవరికీ తెలియదు. తోడికోడలు బతికి ఉండగా ఒకసారి ఎవరో పిల్ల ఆయన్ని అలా పిలిచిందట, ఇక అదే అంటుకుంది. అన్నగారు పోయి చాలా కాలమైంది, తోడికోడలూ పోయింది. వదిన ఇల్లు పై అంతస్తులో, బాబాయి ఇల్లు కింద. రెండిళ్ళకూ ఒకటే మెట్లు. పైన ఏం పొయ్యి మీద ఉందో కింద కూర్చున్న బాబాయికి తెలిసిపోయేది. "వదినా, పాలు!" అని ఆయన కింద నుంచి కేక పెడితే, ఆవిడ కొట్టులో కుట్టుమిషన్ వదిలేసి పైకి పరుగెత్తేది. గిన్నె అంచు దాకా వచ్చి ఉండేవి పాలు.

ఆయన ఉద్యోగం ఒక పెద్దాసుపత్రి వంటశాలలో. అక్కడ మనిషి లోపల కూర్చునేంత గిన్నెలు ఉంటాయి. గోడకు చార్టు ఉంటుంది. ఒక్కో రోగి పళ్ళెం మీద ఒక్కో రంగు కార్డు. ఉప్పు, నూనె, బియ్యం అన్నీ తూచి పోయాలి, గంట మోగితే దించాలి. గుండె జబ్బువాడి కూరలో చిటికెడు ఎక్కువ పడితే పై అంతస్తు నుంచి ఫోను వస్తుంది. "అక్కడ వంట చేసేది తూకం మిషను, నేను కాదు. నేను దాని చేతికింద మనిషిని," అనేవాడు.

మందిరంలో అలా కాదు. మందిరమంటే ఒక టైర్ల కొట్టు పైన మేడ మీద అద్దెకు తీసుకున్న హాలు. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, తలుపు తీస్తే సాంబ్రాణి. వెనకాల ఒక సన్న వంటగది. అందులో బాబాయి చేతి కొలత, కంటి కొలత. నాలుక మాత్రం పనికిరాదు. దేవుడికి పెట్టేదాన్ని రుచి చూడకూడదు కాబట్టి నాలుక చెయ్యాల్సిన పనంతా ముక్కే చేసేది. కందిపప్పు పచ్చివాసన ఎప్పుడు పోయింది, బెల్లం ఎప్పుడు కరిగి కమ్మగా మారింది, నెయ్యి మంచిదా కనరు వచ్చిందా, అన్నీ ముక్కుకు తెలిసేవి. అందులోనూ ఆయనకు పట్టింపే. గరిటె ముక్కు దగ్గరికి తెచ్చి వాసన పీల్చకూడదు, అదీ ఎంగిలితో సమానమే. ఆవిరి దానంతటది పైకి వచ్చి మనకు తగిలితే తప్పు లేదు.

ఆయన ఏకాదశి చూస్తే వదినకు ఒళ్ళు మండేది. ముందు రోజు ఒంటిపూట. ఏకాదశి నాడు నీళ్ళు కూడా ముట్టడు. అలాగే డ్యూటీకి వెళ్ళి వందల మందికి వండి వచ్చేవాడు. రోజంతా ఎవరి మీదా కసురుకునేవాడు కాదు. ఎంత గిల్లినా ఎదురు జవాబు ఇవ్వడు, అదే ఆవిడకు చికాకు. ఆవిడా ఉపవాసం ఉండేది, కాకపోతే పాలు, పళ్ళు, మధ్యాహ్నం కాస్త కాఫీ. కాఫీ కూడా పాలే కదా. ఆయన ఏనాడూ ఆ గ్లాసు వంక చూసి ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అంటే తనూ నాలుగు అనేది. అనకపోయేసరికి కాఫీ సహించేది కాదు.

ఆ తర్వాత వచ్చిన చలికాలం పోతూ పోతూ బాబాయికి జ్వరం తగిలించి పోయింది. గట్టిగానే మంచాన పడ్డాడు. వదిన గంజి కాచి కిందికి తెచ్చేది, తిట్టి తాగించేది. లేచాడు, డ్యూటీకి వెళ్ళాడు, ఏమీ జరగనట్టే ఉన్నాడు. పక్షానికి ఒకటి చొప్పున చిన్న ఏకాదశులు వస్తూనే ఉంటాయి. మరుసటి ఏకాదశికి ఎప్పటిలాగే ఉపవాసం ఉండి, ద్వాదశి పొద్దున్నే మందిరం వంటగదిలోకి వెళ్ళాడు.

ఆ పూట పాయసం అడుగంటింది.

అదీ కాస్తో కూస్తో కాదు. పాలు, బియ్యం గిన్నెకి పట్టుకుని, ఆ మాడు మొత్తం పాయసానికి ఎక్కింది. వరసల్లో కూర్చున్నవాళ్ళు కాగితం ప్లేట్లు కళ్ళకద్దుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఒక్క క్షణం హాలంతా నమలడం ఆగిపోయింది. తర్వాత అందరూ కళ్ళు మూసుకుని మింగారు. తెలియనివాళ్ళు చూస్తే ఎంత భక్తి అనుకునేవారు.

ప్రసాదానికి వంక పెట్టకూడదు. పుట్టినప్పటి నుంచి నూరిపోసిన మాట అది. పులుపు ఎక్కువైనా, తీపి తక్కువైనా, కళ్ళకద్దుకుని తినాలి. పూజారి "ఆహా" అన్నాడు. సెక్రటరీ రెండోసారి వేయించుకుని ఆ వెనకే చెంబెడు నీళ్ళు తాగాడు. బాబాయి గిన్నె పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ "ఇంకొంచెం? ఇంకొంచెం?" అంటున్నాడు. ఎవరూ వద్దనలేకపోతున్నారు.

వదిన నోరు అంత తేలిగ్గా మూతపడేది కాదు. పెళ్ళిభోజనాల్లో కూడా, పెళ్ళికొడుకు తల్లి ఎదురుగా, కూరలో కారం లేదని చెప్పిన మనిషి. కానీ ప్రసాదం ప్రసాదమే. తిన్నది. మాడడం ఆవిడకు వింత కాదు, పొయ్యి అన్నాక మాడుతుంది. వింతల్లా ఆ తర్వాత జరిగింది. అందరూ తిన్నాక బాబాయి తన ప్లేటు తెచ్చుకుని, గిన్నె అడుగున మిగిలిన నల్లటి చెక్కలు కూడా గీకి, తిన్నాడు. నిదానంగా తిన్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

వదిన ఆ ముఖాన్నే చూసింది. ఇంటికి వెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. "ఒంట్లో బాగాలేదా, వదినా?" అని ఆయనే అడిగాడు.

ఆవిడ కుట్టుపని కొట్టు ఇంటి మెట్ల పక్కనే ఉన్న సన్న గది. ప్యాంట్ల అంచులు మడవడం, జిప్పులు మార్చడం, లావైనవాళ్ళ నడుం వదులు చెయ్యడం, బక్కచిక్కినవాళ్ళది బిగించడం. ఆ రెండో రకం వాళ్ళు అరుదు. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, రెండు స్టూళ్ళు. డ్యూటీ దిగాక బాబాయి వచ్చి ఒక స్టూలు మీద కూర్చుని ఆసుపత్రి కబుర్లు చెప్పడం అలవాటు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయన వచ్చి కూర్చోగానే వదిన ఒక పాత గుడ్డ ఇస్త్రీ బల్ల మీద పరిచింది. దాని మీద బాగా వేడెక్కిన ఇస్త్రీ పెట్టె బోర్లా పెట్టింది. వెళ్ళి మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించసాగింది.

బాబాయి కొత్త సూపర్వైజరు గురించి చెబుతున్నాడు. "గరిటెలన్నీ ఒకే వైపు తిప్పి పెట్టాలట వదినా. అలా అయితే ఏమవుతుందని అడిగితే, చూడ్డానికి బాగుంటుందట. రోగులు వచ్చి చూస్తారా?"

"ఊఁ."

"ఇంకా ఉంది విను. నిన్న ఆవిడే అన్నీ అటు తిప్పి పెట్టి..."

ఆయన వీపు వెనక గుడ్డ నుంచి పొగ లేచింది. నూలు కాలే వాసన గదిలో నిండి మెట్ల మీదికి పాకింది. పక్కింట్లో ఎవరో కిటికీ తలుపు టప్పున మూశారు. వదిన గొంతులో గరగర పట్టింది, అయినా దగ్గు బిగబట్టుకుంది. బాబాయి సూపర్వైజరు దగ్గరే ఉన్నాడు.

ఆవిడ లేచి ఇస్త్రీ పెట్టె ఎత్తింది. గుడ్డ మీద పెట్టె ఆకారం నల్లగా దిగింది. దాన్ని తీసుకొచ్చి ఆయన మోకాళ్ళ మీద పరిచింది.

"ఇదేంటి?" అన్నాడు. వెంటనే ఆయనకే అర్థమైంది. చెప్పబోతున్న కబురు ఆపేశాడు.

"ఎప్పటి నుంచి?" అంది వదిన.

"జ్వరం తగ్గింది. ముక్కు రాలేదు, నోటికి రుచీ రాలేదు."

"డాక్టరుకి చూపించావా?"

"మా ఆసుపత్రిలోనే చూపించా. వస్తే రావచ్చట, రాకపోతే రాకపోవచ్చట."

"ఆ మాట చెప్పడానికి అంతంత చదువులెందుకు? నేను చెప్పేదాన్ని. నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే మైకులో చెప్పినట్టే కదా, వదినా."

ఆవిడకు కోపం వచ్చింది కానీ అది అబద్ధమని అనలేకపోయింది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆసుపత్రిలో ఎలా నెట్టుకొస్తున్నావని అడిగింది. అక్కడ ముక్కుతో ఏం పని, మిషను తూస్తుంది, గంట మోగుతుంది అన్నాడు. మందిరంలో కూడా చెయ్యి అలవాటు ప్రకారం చేసుకుపోతోంది, ఎవరూ ఏమీ అనలేదు, మొన్న పాయసం కూడా అందరూ రెండేసిసార్లు వేయించుకున్నారు కదా అన్నాడు.

మెత్తగా ఎలా చెప్పాలో వదినకు ఎవరూ నేర్పలేదు.

"మాడింది."

"ఏది?"

"పాయసం. అడుగంటి కంపు కొట్టింది."

బాబాయి ఆవిడ ముఖంలోకి చూశాడు. వేళాకోళం కాదని తెలిసింది.

"అంతమంది తిన్నారు. ఒక్కరు కూడా చెప్పలేదే?"

"ప్రసాదం కదా. ఎవరు చెబుతారు?"

"నువ్వు?"

"నేనూ ప్రసాదమనే ఊరుకున్నా. నా నోరు ఎంత పెద్దదైనా దేవుడి ముందు దానికో హద్దుంది."

ఆయన కాలిన గుడ్డను మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడతలు పెట్టాడు. వాళ్ళంతా తిన్నది మాడింది అన్నందుకు కాదు ఆయన బాధ. తినేవాళ్ళు అరగంట తిట్టుకుని మర్చిపోతారు. అది ముందు స్వామి ఎదురుగా పెట్టాడు. తెర వేసి, చేతులు కట్టుకుని బయట నుంచున్నాడు, స్వామి తింటున్నాడనుకుని. అదీ బాబాయిని కోస్తున్నది.

"ఆయన నీ మీద ఏమీ అలగడులే. ఎన్నేళ్ళు మంచిది పెట్టావు, ఒకపూట సర్దుకుంటాడు," అంది వదిన.

"ఇంటికొచ్చిన చుట్టానికి మాడింది పెట్టి సర్దుకోమంటావా, వదినా?"

వదిన ఇస్త్రీ పెట్టె తీగ పీకి పక్కన పెట్టింది.

"నాకు ఒక మంత్రం రాదు," అన్నాడు బాబాయి. "పాడితే పక్కవాళ్ళు లేచి దూరంగా కూర్చుంటారు. నలుగురిలో నిలబడి నాలుగు మాటలు చెప్పలేను. ఉపవాసం ఉండి ఆ పొయ్యి దగ్గర నుంచుంటే, నేనూ ఆయనకేదో చేసినట్టు ఉండేది. అది కాస్తా పోతే మందిరంలో ఏం చెయ్యను? చెప్పులకి కాపలా కూర్చోనా?"

మర్నాడే వదినను వెంటబెట్టుకుని వెళ్ళి సెక్రటరీకి తనిక వండనని చెప్పేశాడు. ముక్కు సంగతి దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈ ఏటి పెద్ద ఏకాదశికి ఇంకా నెల ఉంది, ఏదో ఏర్పాటు చేసుకోమన్నాడు. సెక్రటరీ చాలా మర్యాదగా విన్నాడు. భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే బాబాయ్, ఎన్నాళ్ళని కష్టపడతారు? ఇక మీరు హాయిగా అందరితో కూర్చుని తినండి. హోటలుకి చెప్పేద్దాం. వాళ్ళు బాక్సుల్లో సర్ది పంపిస్తారు, గిన్నెలు తోమే పని కూడా ఉండదు," అన్నాడు. ఆ మర్యాదలో ఊపిరి పీల్చుకున్న చప్పుడు వదినకు స్పష్టంగా వినిపించింది.

హోటలు భోజనం రుచి ఎలా ఉంటుందో తర్వాతి చిన్న ఏకాదశికే తెలిసింది. తెలిసింది అనడం కూడా తప్పే, ఎవరూ సరిగ్గా తిననే లేదు.

ద్వాదశి పొద్దున బాబాయి మొదటిసారి వరసలో కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి ఒళ్ళో, ఒకసారి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వంటగది తలుపు మూసి ఉంది. దాని వంక చూడకుండా ఉండడానికి గోడ గడియారం వంక చూశాడు. అందరూ గడియారం వంకే చూస్తున్నారు. పారణ గడువు దగ్గర పడుతోంది, హోటలు బండి జాడ లేదు. సెక్రటరీ మెట్ల మీద నిలబడి ఫోనులో అరుస్తున్నాడు. "బయల్దేరారా? ఎక్కడ బయల్దేరారు? బయల్దేరి ఎక్కడున్నారు?"

చివరికి పూజారి చూసి చూసి, రాగి చెంబులో తులసి వేసిన నీళ్ళు అందరి చేతుల్లో తలా ఉద్ధరిణెడు పోశాడు. అది తాగితే పారణ అయినట్టే, ఉపవాసానికి లోటు రాదు. శాస్త్రం ఒప్పుకుంది. కడుపు ఒప్పుకోలేదు. నిన్నటి నుంచి పచ్చి గంగ ముట్టని ముసలాళ్ళు ఆ నీళ్ళు తాగి, గోడకి చేరగిలబడి, కళ్ళు మూసుకున్నారు.

గడువు దాటాక వచ్చింది బండి. బాక్సులు పైకి తెచ్చారు. మూత తీయగానే వదిన ముక్కు ముడుచుకుంది. ఉల్లిపాయ. ద్వాదశి నాడు, నైవేద్యంలో, ఉల్లిపాయ! పూజారికి కూడా వాసన తగిలింది. ఆయన బాక్సు మూత పెట్టేసి, ఒక అరటిపండు ఒలిచి స్వామి ముందు పెట్టి, తెర వేశాడు. హాల్లో ఆ ఘాటు తెలియకుండా కూర్చున్న మనిషి బాబాయి ఒక్కడే.

"ఏమైంది?" అని వదినను అడిగాడు.

"ఉల్లి వేశారు."

ఆయన పళ్ళు బిగించాడు.

సెక్రటరీ వచ్చి ఆయన పక్కనే చతికిలబడ్డాడు. ఆకలికి ముఖం పీక్కుపోయింది. మర్యాదలు గుర్తుంచుకునే స్థితిలో లేడు. "మాడినా నీ పాయసమే నయం బాబాయ్," అన్నాడు.

బాబాయి తల తిప్పాడు. "నీకు అప్పుడే తెలిసిందా?"

"తెలియకపోవడమేంటి? టైర్ల కొట్టువాడు పైకొచ్చి ఏం కాలుతోందని అడిగాడు."

"మరి రెండోసారి ఎందుకు వేయించుకున్నావు?"

"ఎదురుగా మా అత్తగారు కూర్చుంటే ప్రసాదం వద్దనమంటావా?"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వు ఆపుకుని చాప మీది గీతలు లెక్కపెడుతున్నట్టు తలలు వంచుకున్నారు. బాబాయికి కోపం వస్తుందేమోనని వదిన చూసింది. రాలేదు. ఏదో ఆలోచిస్తూ ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వెళ్ళాడు. పూజారి, సెక్రటరీ, వాళ్ళ అత్తగారు, గోడకి చేరబడ్డ ముసలాళ్ళు. ఆ వరసంతా అయ్యాక వదిన ముఖం దగ్గర ఆగాడు.

పెద్ద ఏకాదశి దగ్గర పడుతుండగా సెక్రటరీ రెండుసార్లు ఇంటికి వచ్చి బతిమాలాడు. నిమ్మకాయలు కూడా తెచ్చాడు, ఎందుకో మరి. ఎలా ఉన్నా ఫర్వాలేదు బాబాయ్, మేము తింటాం అన్నాడు. మీరు తింటారని నాకు తెలుసు, అదే భయం అన్నాడు బాబాయి. ఇంకెవరినైనా పెట్టి పక్కన నుంచుని నేర్పొచ్చుగా అంది వదిన. చెయ్యి చేసేదాన్ని నోటితో ఎలా చెప్పను అన్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఆసుపత్రికి వెళ్ళాడు, వచ్చాడు. కొట్టులో కూర్చున్నాడు గానీ కబుర్లు చెప్పలేదు. దశమి నాడు ఒంటిపూట తిన్నాడు.

ఏకాదశి నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా కొట్టుకి వచ్చాడు. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. వదిన ఒక పెద్దమనిషి ప్యాంటు నడుం కుట్లు విప్పుతోంది. పక్కన స్టూలు మీద కాఫీ గ్లాసు ఆవిర్లు కక్కుతోంది. ఆయన దాని వంక చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి సరిగ్గా చూశాడు.

"అది తాగకు, వదినా."

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. ఇన్నాళ్ళకు ఒక మాట అన్నాడు. తను అనాల్సిన నాలుగు మాటలూ నోటి చివరే ఉన్నాయి. కానీ ఆయన ముఖం చూస్తే అవి బయటికి రాలేదు.

"ఎందుకు తాగకూడదు?"

"రేపు వండుతానని సెక్రటరీకి చెప్పేశా. రేపు పొద్దున నువ్వు వంటగదిలోకి రావాలి."

వంట జరిగేటప్పుడు ఆ వంటగదిలోకి ఇంతవరకు బాబాయి తప్ప ఏ మనిషీ అడుగు పెట్టలేదు. వత్తులు చేసేటప్పుడు కూడా వదినది గుమ్మం బయటి చాపే.

"నేనెందుకు? పూజారిని పిలు. లేకపోతే ఆ సెక్రటరీని పిలు, చెంచా పట్టుకుని పరుగెత్తుకొస్తాడు."

"వాళ్ళంతా మంచివాళ్ళు, వదినా. మాడినా బాగుందంటారు. నీకా మంచితనం లేదు."

"ఇది పొగడ్తా, తిట్టా?"

"నాకు కావలసింది అదే. అందుకే వచ్చా."

వదిన గ్లాసును కాలితో కాదు, చేత్తోనే, మర్యాదగా బల్ల కిందికి జరిపింది. ఏం చెయ్యాలో చెప్పమంది.

ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. ఇవాళ్టికి పాలు, పళ్ళు కూడా మానెయ్యాలి. తెల్లవారకముందే తలస్నానం చెయ్యాలి, ఉతికిన చీర కట్టుకోవాలి. వంటగదిలో పొయ్యికి అడుగు దూరంలో నుంచోవాలి. వంగకూడదు, ముక్కు పెట్టి చూడకూడదు, ఆవిరి దానంతటది వచ్చి తగలాలి. పప్పులో పచ్చివాసన ఉన్నంతసేపు కుడిచెయ్యి ఎత్తి ఉంచాలి. పోగానే దించాలి. పాయసం అడుగు పట్టబోతున్నట్టు ఏమాత్రం అనిపించినా ఎడమచెయ్యి ఎత్తాలి. ఇక నెయ్యి డబ్బా మూత తీసినప్పుడు బాగుంటే ఊరుకోవాలి, బాగాలేకపోతే తల అడ్డంగా ఊపాలి.

"ఏంటయ్యా, ఈ చేతులూ తలా? నన్నేమైనా ట్రాఫిక్ పోలీసుని చేశావా? నోరుందిగా నాకు, చెబుతాను. మాడితే మాడిందంటాను."

బాబాయి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఉపవాసంలో ఉన్న మనిషికి అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో.

"అదే అసలు సంగతి, వదినా. అక్కడ మాట్లాడకూడదు. మాట్లాడితే తుంపర పడుతుంది. నేను గుడ్డ కట్టుకుంటాను, నువ్వు కూడా నోటికి గుడ్డ కట్టుకోవాలి. పొయ్యి వెలిగించినప్పటి నుంచి స్వామి ముందు తెర వేసేదాకా, నేను గరిటె తిప్పే తీరు నీకు నచ్చకపోయినా, సెక్రటరీ గుమ్మం దాకా వచ్చినా, నువ్వు ఒక్క మాట కూడా అనకూడదు. ఈ ఒక్క పూటకి, వదినా."

వదిన ఇస్త్రీ బల్ల మీంచి ఒక తెల్ల గుడ్డ ముక్క లాగి, నోటికి సరిపోతుందో లేదో కొలుచుకుంది.